ఊపిరి లెక్క

కురుదేశమనగానే తెలుగు పాఠకునికి ముందుగా తోచేది రణరంగం. పదునెనిమిది దినాల యుద్ధం, పదునెనిమిది అక్షౌహిణుల సేన, శంఖనాదాలు, స్త్రీల శోకాలు - తిక్కన చేతిలో ఆ నేల మనకు ఇంటి పెరడు వలె పరిచితమైపోయినది. పాలీ వాఙ్మయంలో అదే నేలకు మరొక ఖ్యాతి ఉన్నది. శరీరాన్ని, వేదనలను, చిత్తాన్ని, ధర్మాలను ఎరుకతో గమనించే సాధనను వివరించిన మహాసతిపట్ఠాన సూత్రాన్ని బుద్ధుడు కురుదేశంలోని కమ్మాసధమ్మమనే ఊరిలో ఉపదేశించినట్లు దీఘనికాయం చెబుతున్నది. ఇంత లోతైన ఉపదేశానికి ఈ దేశమే ఎందుకు తగినదన్న ప్రశ్నకు ప్రాచీన వ్యాఖ్య ఇచ్చిన సమాధానం విచిత్రంగా ఉంటుంది. కురుదేశపు గాలి మంచిదట, ఆహారం మంచిదట. అందుచేత అక్కడి జనుల దేహాలూ మనస్సులూ ఆరోగ్యంగా ఉండి గంభీరమైన మాటను పట్టుకోగలిగినవట. నేటి ఢిల్లీలో నవంబరు నెల ఉదయాన కిటికీ తెరిచి చూచినవారు ఈ వాక్యాన్ని చదివి నవ్వుకొనక మానరు.

ఆ వ్యాఖ్యయే ఇంకొంత దూరం పోయి, కురుదేశంలో దాసదాసీజనం సైతం సాధన గురించే ముచ్చటించుకొనేవారని, నీళ్లరేవులో కలిసిన ఆడవారు “అమ్మా, నీవు ఏ సాధన చేస్తున్నావు?” అని ఒకరినొకరు అడుగుకొనేవారని, ఏమీ లేదన్నవారిని మందలించేవారని వర్ణిస్తున్నది. అందులో ఒక చిలుక కథ కూడా ఉన్నది. ఒక నటుడు భిక్షుణుల ఆవాసంలో విడిచిపోయిన చిలుకను అక్కడి చిన్నపిల్లలు బుద్ధరక్షితుడని పేరుపెట్టి పెంచుకొంటారు. పెద్ద భిక్షుణి దానికి “ఎముకలు, ఎముకలు” అని భావన చేసుకొమ్మని నేర్పుతుంది. ఒకనాడు డేగ దానిని తన్నుకొనిపోగా పిల్లలు కేకలువేసి విడిపిస్తారు. డేగ కాళ్లలో ఉన్నప్పుడు నీకేమి తోచినదని భిక్షుణి అడిగితే, ఒక ఎముకల గూడు మరొక ఎముకల గూడును పట్టుకొనిపోతున్నదని, అది ఎక్కడ చెదరి పడునో అని మాత్రమే తోచినదని చిలుక సమాధానం చెబుతుంది. చిలుకపలుకులనే మాటను మనం హేళనకే వాడుతాము. ఈ చిలుక ముందు ఆ మాట కొంచెం వెనుకాడవలసినదే.

యమునకు పడమరగా, హర్యానాలోని సోనీపత్ సమీపాన కమ్మాస్‌పూర్ అనే గ్రామం ఉన్నది. పేరులోని పోలికను బట్టి పాలీ గ్రంథాల ఊరు ఇదేనని నమ్మేవారున్నారు. పేరు పోలిక ఒక్కటే స్థలనిర్ణయానికి చాలదు గాని, ఆ నమ్మకంతోనే అక్కడ ‘ధమ్మ పట్ఠాన’ అనే విపస్సనా కేంద్రం వెలసినది. గురుగ్రామ్‌కు దక్షిణంగా, ఉష్ణగుండాలకు పేరొందిన సోహనా పట్టణం దాపున ‘ధమ్మ సోత’ అనే మరొక కేంద్రం ఉన్నది. ఢిల్లీ నడిబొడ్డున పాతకాలపు సాక్ష్యం ఒకటి నిస్సందేహంగా నిలిచి ఉన్నది. 1966లో శ్రీనివాసపురి ప్రాంతంలో, బహాపూర్ దగ్గర, ఇండ్లు కట్టుకొంటున్న చోట ఒక బండమీద అశోకుని లఘు శిలాశాసనం బయటపడినది. మన కర్నూలు జిల్లాలోని ఎర్రగుడిలోనూ, రాజుల మందగిరిలోనూ చెక్కబడిన శాసనమే అది. తాను రెండున్నర యేండ్లకు పైగా ఉపాసకుడనైతినని, మొదట ఒక యేడు పెద్దగా ప్రయత్నమేమీ చేయలేదని, సంఘాన్ని చేరిన పిదప గట్టిగా పూనుకొన్నానని, ఇది గొప్పవారికే గాదు, పూనుకొన్న చిన్నవారికి కూడా సాధ్యమేనని చక్రవర్తి అందులో చెప్పుకొన్నాడు. చక్రవర్తి తన సోమరితనాన్ని రాతిమీద చెక్కించుట లోకంలో అరుదు.

నేడు ఢిల్లీ చుట్టుపక్కల నేర్పబడుతున్న పద్ధతి మాత్రం ఈ నేలమీద ఎడతెగక నిలిచి వచ్చినది కాదు. అది బర్మా నుండి తిరిగి వచ్చినది. లెడీ సయాడో (1846-1923) అనే భిక్షువు గృహస్థులకు కూడా ధ్యానాన్ని నేర్పవచ్చునని సాహసించినాడు. ఆయన శిష్యుడు సయా తెట్ గ్యీ ఒక రైతు. ఆ రైతు శిష్యుడు ఊ బా ఖిన్ (1899-1971) లెక్కల ఉద్యోగి. 1948లో బర్మా స్వతంత్రం కాగానే ఆయన ఆ దేశపు అకౌంటెంట్ జనరల్ అయినాడు; 1952లో రంగూన్‌లో ధ్యానకేంద్రం స్థాపించినాడు. ఫైళ్లూ పద్దులూ ఊపిరిగా బ్రతికే ఢిల్లీ నగరానికి ఇంతకన్న తగిన గురువు దొరకడు. మాండలేలో మార్వాడీ కుటుంబంలో పుట్టిన సత్యనారాయణ గోయెంకా (1924-2013) తీవ్రమైన తలనొప్పికి వైద్యులిచ్చే మార్ఫియా నుండి విడివడే దారి వెదకుతూ 1955లో ఆయన వద్దకు చేరినాడు. తలనొప్పి పోగొట్టుటకైతే రావద్దని, మనస్సును శుద్ధిచేసుకొనుటకైతే రమ్మని ఆ లెక్కల అధికారి చెప్పినట్లు గోయెంకా పలుమారులు చెప్పుకొనేవాడు. 1969లో గోయెంకా భారతదేశానికి వచ్చి, బొంబాయిలో తల్లిదండ్రులతోపాటు మరికొందరిని కూర్చుండబెట్టి తొలి శిబిరం నడిపినాడు. 1976లో ఇగత్‌పురిలో ధమ్మగిరి నెలకొన్నది. ఆ తరువాతి విస్తరణ అందరెరిగినదే. హైదరాబాదులోనూ, నాగార్జునసాగర్ వద్దనూ కేంద్రాలున్నవి.

శిబిరం పది దినాలు. తెల్లవారుజామున నాలుగింటికి గంట మ్రోగుతుంది. నాలుగున్నర నుండి రాత్రి తొమ్మిది వరకు, భోజన విశ్రాంతులు పోగా, ఇంచుమించు పది గంటలు కళ్లు మూసుకొని కూర్చుండుటయే పని. పదకొండింటికి భోజనం, సాయంకాలం ఐదింటికి టీ, కొన్ని పండ్లు, ఇంతకుముందు శిబిరం చేసినవారికైతే నిమ్మనీరే. పుస్తకం లేదు, కలం లేదు, ఫోను లేదు, జపమాల లేదు. పూజ కూడా మానవలసిందే. రుసుము తీసుకొనరు, పూర్వం శిబిరం ముగించినవారి దానంతోనే అంతా నడుస్తుంది. వీటన్నిటికంటె కొత్తవారిని భయపెట్టేది మౌనం. నోటి మాటయే కాదు, చేతి సైగ, చూపు కలపడం కూడా నిషిద్ధం. ఒకే గదిలో పడుకొన్నవారు పదిరోజులపాటు ఒకరి పేరొకరు తెలియక మసలుతారు.

మౌనం అర్ధాంగీకారమని మనవారి సామెత. అంటే మనకు మౌనం కూడా మాటయే. ఎదుటివానికి ఏదో ఒకటి చెప్పేదే. అలిగినవాని మౌనం, పెద్దల ఎదుట కోడలి మౌనం, సభలో భీష్మద్రోణుల మౌనం - అన్నింటికీ అర్థాలున్నవి. ఎవరికీ ఏమీ చెప్పని మౌనం మనకు అలవాటు లేదు. అందుచేతనే మొదటి రెండు దినాలు భోజనశాలలో గిన్నెల చప్పుడు సైతం ఎవరో కోపగించుకొన్నట్లు వినిపిస్తుంది. మూడవనాటికి ఆ భ్రాంతి తగ్గుతుంది. లోపలి సంత మొదలవుతుంది. ఎన్నడో మరచిన సినిమా పాట ఒకే చరణంతో తిరిగి తిరిగి వస్తుంది. ఇరువది యేండ్లనాటి తగాదాలో అప్పుడు తోచని సమాధానం ఇప్పుడు తోస్తుంది.

మొదటి మూడు దినాలు చేయవలసినది ఒక్కటే: నాసికాద్వారం వద్ద వచ్చి పోయే ఊపిరిని ఉన్నదున్నట్లు తెలుసుకొనుట. దీనిని ఆనాపానసతి అంటారు. ప్రాణాయామం వలె ఊపిరిని బిగబట్టరాదు, నడపరాదు, మంత్రంతో జతచేయరాదు, లెక్క పెట్టరాదు. నాలుగవనాడు విపస్సన. తల మొదలు కాలివ్రేళ్ల వరకు, అంగాంగాన కలిగే స్పర్శను - వేడిని, దురదను, తిమ్మిరిని, నొప్పిని - ఇష్టపడక, కసరుకొనక చూచుకొంటూ పోవుట. ఇక్కడ తెలుగువారికి ఒక చిక్కు ఉన్నది. పాలీలో ‘వేదన’ అంటే సుఖమైనా దుఃఖమైనా శరీరానికి తెలియవచ్చేది. మనకు వేదన అంటే బాధ ఒక్కటే. ‘సంఖారం’ అంటే అక్కడ మనస్సులో పేరుకొన్న ప్రతిక్రియ. దాని సంస్కృత రూపమైన ‘సంస్కారం’ మనకు మర్యాద, మంచి పెంపకం. సంస్కారాలను పోగొట్టుకొనుటకు పదిరోజులు కూర్చున్నామని చెబితే ఇంటివారు కంగారుపడతారు. మాటలు యాత్రికుల వంటివి. ఒకే ఊరినుండి బయలుదేరినా వేరు వేరు సత్రాలలో స్థిరపడతవి.

నాలుగవనాటి నుండే మూడు పూటలు గంటసేపు కాలుచేతులు కదపక కూర్చోవలె. దీనికి అధిట్ఠానమని పేరు. మోకాళ్లు మండుతవి. ఆ మంటను పరిశీలిస్తే అది ఒక్క మంట కాదని, పొడుచుకొనుట, లాగుట, కొట్టుకొనుట అనే పెక్కు చిన్న సంగతుల కూడిక అని, ఏ ఒక్కటీ రెండు నిమిషాలు ఒకే తీరున నిలువదని తెలుస్తుందట. తెలియక లేచి పోయేవారూ ఉన్నారు. రెండవనాడూ ఆరవనాడూ గేటు మీదికి మనస్సు పోతుందని అనుభవజ్ఞులు చెబుతారు.

గేటు మీదికి మనస్సు పోయినా పోవుటకు వీలులేని సాధకుల కథ ఢిల్లీలోనే జరిగినది. దానికి పూర్వరంగం రాజస్థాన్‌లో ఉన్నది. 1975లో ఆ రాష్ట్ర గృహశాఖ కార్యదర్శి రాంసింగ్ పూనికతో జైపూర్ కేంద్ర కారాగారంలో శిబిరం జరిగినప్పుడు, కాలిసంకెళ్లతో తెచ్చిన ఖైదీలను చూచి గోయెంకా సంకెళ్లు విప్పనిదే నేర్పనన్నాడు. విప్పితే ప్రాణభయమని కావలివారన్నారు. చివరకు విప్పినారు, ఏ అనర్థమూ జరుగలేదు. 1993లో కిరణ్ బేడీ ఢిల్లీ కారాగారాలకు ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా వచ్చేనాటికి తిహార్‌లో, ఉండదగిన సంఖ్యకు ఎన్నో రెట్లుగా, తొమ్మిదివేలమందికి పైగా క్రిక్కిరిసి ఉన్నారు. వారిలో అత్యధికులు నేరం ఇంకా రుజువు కానివారు. తీర్పుకొరకు కాచుకొని ఉన్నవారు. ఆ యేడు నవంబరులో సుమారు నూరుమందితో తొలి శిబిరం జరిగినది. జైలు ఉద్యోగులు కూడా సాధన చేసినారు. 1994 ఏప్రిలులో గోయెంకా స్వయంగా వచ్చి, వేయిమందికి పైగా ఖైదీలను కూర్చుండబెట్టినాడు. ఆ యేడే నాలుగవ నంబరు జైలులో ‘ధమ్మ తిహార్’ అనే శాశ్వత కేంద్రం ఏర్పడినది. ఇద్దరు ఇజ్రాయెలీ వనితలు ఈ వృత్తాంతాన్ని చిత్రంగా తీసి 1997లో లోకానికి చూపినారు.

ఆ చిత్రంలో శిబిరం ముగిసిన దినాన ఖైదీలు జైలు అధికారులను కౌగిలించుకొని ఏడ్చే దృశ్యాన్ని చూచి కరగనివారుండరు. అయినను కరగినవాడు కొంత ఆలోచించుకొనవలె. వేలకొలది మనుష్యులను విచారణ లేక యేండ్ల తరబడి నిలిపి ఉంచిన వ్యవస్థ, వారికి సహనం నేర్పి తాను చేతులు దులుపుకొనరాదు. బారకు ఇరుకైనదన్న సంగతి ధ్యానంతో మారదు. ఇరుకు బారకులో పగతో బ్రతుకుటకూ, పగ తన లోపలనే రాజుకొని తన్నే కాల్చుచున్నదని గుర్తించి బ్రతుకుటకూ భేదమున్నమాట నిజమే. ఆ భేదం ఖైదీ సొత్తు. దానిని సర్కారు తన జమా కింద వ్రాసుకొనుట న్యాయం కాదు.

ఇతర ఆక్షేపణలూ ఉన్నవి. తీవ్రమైన మనోవ్యాధులున్నవారు రావద్దని నిర్వాహకులే ముందుగా హెచ్చరిస్తారు. అయినా దాచి వచ్చేవారుంటారు, చిక్కులపాలవుతారు. ఇది మతం కాదు, శాస్త్రమని సాయంకాలపు ఉపన్యాసాలలో పదే పదే చెప్పుట కొందరికి విసుగు పుట్టిస్తుంది. శాస్త్రమైనది తాను శాస్త్రమని ఇన్నిమార్లు చెప్పుకొనదు. ఆచార్యుడు గతించి పదేండ్లు దాటినా నేర్పేది రికార్డు చేసిన ఆయన కంఠమే. మౌనశాలలో వినిపించే ఒకే ఒక్క గొంతు ఈ లోకంలో లేని మనిషిది. ఆ సంగతి మొదట వింతగా ఉండి, అనిత్యాన్ని గురించి ఆ గొంతు చెప్పేటప్పుడు మాత్రం వింత కాకుండా పోతుంది.

ఇట్టి శిబిరానికి ఒక శీతకాలంలో, సోహనా దాపున, మయూర్ విహార్ నుండి ఒక తెలుగు పెద్దమనిషి వచ్చినాడు. పద్దుల శాఖలో ముప్పదియేండ్లు పనిచేసి విరమించినవాడు. భార్య ఆ యేడే పోయినది. ఊపిరితిత్తుల జబ్బు. ఆమె కడపటి రెండు శీతకాలాలూ మంచం ప్రక్కన ఆక్సిజన్ యంత్రం గుర్రుమంటూ ఉండగా, ఆయన కుర్చీ వేసుకొని కూర్చుండి, గడియారం చూస్తూ ఆమె ఊపిరులు లెక్కపెట్టేవాడు. నిమిషానికి ఇరువది నాలుగు, ఇరువది ఎనిమిది, ముప్పదిరెండు. ఒక పుస్తకంలో గీతలు గీసి, వేళతో సహా వ్రాసిపెట్టేవాడు. వైద్యుడు అడిగినది వారానికొకసారి. ఆయన వ్రాసినది గంటకొకసారి. చేయగలిగినది మరేమీ లేనప్పుడు లెక్క ఒక ఆసరా. నాలుగింటి గంటకు లేచుట ఆయనకు కష్టం కాలేదు. రెండు శీతకాలాలుగా ఆ వేళకు మేలుకొనే ఉన్నాడు.

కష్టమైనది ఊపిరి. కళ్లు మూసుకొని నాసిక వద్ద మనస్సు నిలుపుమన్న తక్షణం ఆయనకు వినిపించినది తన ఊపిరి కాదు. తెలుగులో ఊపిరి చుట్టూ ఎన్ని మాటలున్నవో ఆ మొదటినాడు ఆయనకు ఒకటొకటిగా తట్టినవి. ఊపిరి పీల్చుకొన్నాము అంటాము, గండం గడిచినదని. ఊపిరాడని పని అంటాము. ఊపిరి పోసినవాడు అంటాము. అన్నీ ఆమె మంచం దగ్గరకే చేరినవి. రెండవనాటి మధ్యాహ్నం, ప్రశ్నలడుగుటకు అనుమతి ఉన్న వేళ, సహాయకాచార్యుని ముందు కూర్చుండి, ఈ సాధన తనవల్ల కాదని, ఊపిరి చూస్తే భయమవుతున్నదని చెప్పినాడు. కారణం చెప్పలేదు. ఆచార్యుడు కారణం అడుగలేదు.

“లెక్క పెడుతున్నారా?” అని మాత్రం అడిగినాడు.

“పెడుతున్నాను.”

“లెక్క మానండి. భయం వస్తే భయాన్ని రానివ్వండి. అప్పుడు ఊపిరి ఎలా ఉన్నదో చూడండి. గట్టిగా ఉంటే గట్టిగా, చిన్నగా ఉంటే చిన్నగా. దానిని బాగుచేయవద్దు.”

బాగుచేయవద్దన్న మాట ఆయనకు కోపం తెప్పించినది. రెండేండ్లు ఆయన చేసినదంతా బాగుచేయుటకే గదా. ఆ సాయంకాలం ఆయన సంచి సర్దుకొన్నాడు. తెల్లవారి మరల విప్పినాడు. ఎందుకు విప్పినాడో ఆయనకే తెలియదు. ఇల్లు ఖాళీగా ఉన్నదన్న సంగతి జ్ఞాపకం వచ్చి ఉండవచ్చును.

హాలులో ఆయన వెనుక రెండు వరుసల అవతల ఎవరో ఒక వృద్ధుడు కూర్చునేవాడు. ఆయన ఊపిరిలో పిల్లిగురక ఉండేది. అందరూ నిశ్శబ్దమైనకొలదీ అది పెద్దదై వినిపించేది. నియమాన్ని బట్టి వెనుదిరిగి చూడరాదు. ఎలా ఉన్నారని అడుగరాదు. మంచినీళ్లు తెచ్చి ఇవ్వరాదు. పద్దుల శాఖ పెద్దమనిషి మూడవనాడంతా తన ఊపిరి విడిచి ఆ ఊపిరినే లెక్కపెట్టినాడు. ఇరువది రెండు. ఇరువది నాలుగు. ఐదవనాటి మధ్యాహ్నం, గంటసేపు కదలక కూర్చున్నప్పుడు, రొమ్ములో ఎన్నాళ్లుగానో ఒక రాయిలా ఉన్న బరువును ఆయన చెప్పినట్లు చూడసాగినాడు. అది రాయి కాదు. ఎడమ ప్రక్క వేడిగా, నడుమ బిగువుగా, గొంతు దగ్గర చిన్న అదురుగా, ఒకచోట నిలువని వస్తువు. వెనుకనుండి పిల్లిగురక వస్తూనే ఉన్నది. కొంతసేపటికి అది ఎవరి ఊపిరియూ కాక, కిటికీ బయట వేపచెట్టు కదలిక వలె, వచ్చి పోయే చప్పుడు మాత్రమే అయినది. ఎంతసేపో ఆయనకు తెలియదు. లెక్క పెట్టలేదని గంట మ్రోగిన తరువాతగాని తెలియలేదు. ఆ సాయంకాలం ఆయన తోటలో గోడవారగా నిలిచి చాలసేపు ఏడ్చినాడు. ప్రక్కగా నడచిపోయినవారెవరూ ఆగలేదు, ఓదార్చలేదు. ఆ పదిరోజులలో తనకు జరిగిన గొప్ప ఉపకారం అదేనని ఆయన తరువాత అనుకొన్నాడు. భార్య పోయిననాటి నుండి ఓదార్చక ఏడవనిచ్చినవారు లేరు.

పదవనాటి ఉదయం మైత్రీభావన నేర్పి మౌనం విడుస్తారు. అంతవరకు నీడల వలె తిరిగినవారు ఒక్కసారిగా మాట్లాడసాగితే పిచ్చుకల చెట్టు వలె ఉంటుంది. పిల్లిగురక వృద్ధుడు వెదకుకొంటూ వచ్చినాడు. రోహ్‌తక్ మనిషి, ముప్పదియేండ్లు లారీ నడిపినవాడు, దుమ్ము, డీజిల్ పొగ తిన్న రొమ్ము అది. చేతులు జోడించి, “భాయీసాహబ్, నా ఊపిరి మీకు చాల ఇబ్బంది కలిగించి ఉంటుంది” అన్నాడు.

“లేదు” అన్నాడు ఈయన. పది దినాల తరువాత ఆయన నోట వచ్చిన మొదటి మాట అది. గొంతు బొంగురుపోయి ఉండుటచేత రెండవమారు చెప్పవలసి వచ్చినది.

మరునాడు బస్సు గురుగ్రామ్ చేరేసరికి పొగమంచుతో కలిసిన పొగ మరల కమ్ముకొన్నది, కళ్లు మండినవి. మయూర్ విహార్ ఇంట్లో యంత్రం మంచం ప్రక్కనే ఉన్నది, మీద ఒక పాత నేత చీర కప్పి. ఎవరికైనా ఇచ్చివేయమని విజయవాడలోని కూతురు ఫోనులో చెబుతూనే ఉన్నది. ఇస్తానంటాడు. తెల్లవారుజామున నాలుగున్నరకు దాని ఎదురుగా చాప వేసుకొని కూర్చుంటాడు. గీతల పుస్తకం బీరువాలో పెట్టినాడు. కొన్నినాళ్లు గంటసేపు కూర్చుంటాడు, కొన్నినాళ్లు పావుగంటకే లేచిపోతాడు. కొన్నినాళ్లు లెక్క పెడతాడు.